మిషిగన్ మీద 10, ప్లేఆఫ్స్‌లో 145: ఒహాయో స్టేట్ అఫెన్స్‌లో అసలు ఏం మారింది? (2025 సీజన్‌కి ముందు నాటి చర్చ)

కొలంబస్_కళ్యాణ్:

2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్‌ని 34-23తో కొట్టి అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ నేషనల్ టైటిల్ పట్టుకొచ్చాం. సంబరాలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

2024 నవంబర్ 30న ఇదే టీమ్ సొంత స్టేడియంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. ఆ మిషిగన్ రెగ్యులర్ సీజన్ 7 గెలుపులు, 5 ఓటములతో ముగించిన టీమ్. రెండో హాఫ్‌లో మనకి ఒక్క పాయింటు కూడా రాలేదు. మూడు వారాలు తిరగ్గానే టెనెసీ మీద 42, ఆరెగన్ మీద 41, టెక్సస్ మీద 28, నోటర్ డామ్ మీద 34. ఈ మధ్యలో ఆటగాళ్లూ మారలేదు, కోచ్‌లూ మారలేదు.

మన హెడ్ కోచ్ రయన్ డే మీద పడి ఏడ్చినవాళ్లే ఇప్పుడు భుజాల మీద మోస్తున్నారు. ఇంకో వర్గమేమో ఆటగాళ్లకి 20 మిలియన్ డాలర్లు పెట్టి కట్టిన టీమ్ ఇస్తే ఎవరైనా గెలుస్తారంటోంది. రెండు మాటలూ నాకు నచ్చడం లేదు. ప్లేల స్థాయిలో ఏం మారిందో తెలిసినవాళ్లు చెప్పండి. అఫెన్స్ కోఆర్డినేటర్ చిప్ కెల్లీ ప్రొఫెషనల్ టీమ్ రైడర్స్‌కి, డిఫెన్స్ కోఆర్డినేటర్ జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్లిపోయారు. వాళ్ల జాగాలో మన రిసీవర్ల కోచ్ బ్రయన్ హార్ట్‌లైన్, మ్యాట్ పట్రీషియా వచ్చారు. ఈ మార్పులో మనతో మిగిలేదెంత, కెల్లీతో పోయేదెంత? ఇంకొకటి, 31-7తో ముందున్న ఆట 31-23 దాకా ఎందుకొచ్చింది?

జెట్‌_మోషన్:

కళ్యాణ్ అన్నా, ముందు చిన్న సవరణ. ఆ 145లో 7 అఫెన్స్ (బంతితో దాడి చేసేవాళ్ల) ఖాతాలోవి కావు. టెక్సస్ మీద మన డిఫెండర్ జాక్ సాయర్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి అఫెన్స్‌ని నడిపేవాడు) చేతిలోంచి బంతి రాల్చి 83 యార్డులు పరిగెత్తినందుకు వచ్చినవి. 138 అనుకుందాం. అయినా ఆటకి 34 దాటింది.

మిషిగన్ ఆటలో 26 రన్‌లకి 77 యార్డులు. సగటు మూడు కూడా లేదు. రన్ చేయడం తప్పు కాదు, ఎక్కడికి చేశారన్నదే తప్పు. మిషిగన్ డిఫెన్స్‌లో అందరికంటే బలమైన ఇద్దరు మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్. ఇద్దరూ డిఫెన్సివ్ టాకిల్స్, అంటే సరిగ్గా మధ్యలో ఉంటారు. బయట రిసీవర్లని కాచే వాళ్ల స్టార్ కార్నర్ విల్ జాన్సన్ ఆ రోజు ఆడనే లేదు. బలం మధ్యలో, సందు బయట. మనం వెళ్లింది మధ్యలోకి. 10 యార్డులు దాటడానికి నాలుగు ప్రయత్నాలు, ఒక్కోటి ఒక డౌన్; దాటితే మళ్లీ కొత్త ఫస్ట్ డౌన్. మొదటి డౌన్‌లో ఒకటో రెండో యార్డులు, రెండో డౌన్‌లో మళ్లీ అంతే. మూడో డౌన్ వచ్చేసరికి ఏడెనిమిది కావాలి. పాస్ తప్పదని అవతలివాళ్లకి ముందే తెలిసిపోతుంది. మన క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లకి (అవతలివాళ్లు పట్టేసిన పాస్‌లకి) మూలం ఇక్కడుంది.

ప్లేఆఫ్స్‌లో చేసిన పెద్ద మార్పు వరస తిరగేయడం. బయటికి పాస్‌తో మొదలుపెట్టి తర్వాత రన్‌కి వెళ్లారు. టెనెసీ మీద మొదటి డ్రైవే (బంతి చేతికొచ్చాక వరసగా ఆడే ప్లేలు) రిసీవర్ జెరమయా స్మిత్‌కి 37 యార్డుల టచ్‌డౌన్, క్వార్టర్ పూర్తయ్యేసరికి 21-0. రోజ్ బౌల్లో ఆరెగన్ మీద మొదటి డ్రైవ్‌లోనే స్మిత్‌కి 45 యార్డులు, చూస్తుండగానే 34-0. బయట రెండు దెబ్బలు తగిలాక సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాళ్లు) వెనక్కి జరగక తప్పదు. లైన్ ముందు ఏడెనిమిది మంది ఉండాల్సిన చోట ఆరుగురే మిగులుతారు. అప్పుడు అదే రన్ ఆరు యార్డులు తెస్తుంది.

ఫైనల్లో సంగతి వేరు. నోటర్ డామ్ కోఆర్డినేటర్ ఆల్ గోల్డెన్ ఏడాదంతా మ్యాన్ కవరేజే నమ్ముకున్నాడు. ఒక్కో రిసీవర్‌కి ఒక్కో మనిషి, ఎటుపోతే అటు వెంటపడడమే. దీనికి కెల్లీ వేసిన మందు మోషన్, అంటే ప్లే మొదలవకముందే రిసీవర్ పక్కకి కదలడం. స్మిత్ మొదటి టచ్‌డౌన్ మళ్లీ చూడండి, 8 యార్డులది. స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు లోపలికి పరిగెడతాడు, అవతలి వైపు దాకా పోతాడనుకుని డిఫెండర్ కూడా లోపలికి వస్తాడు. సరిగ్గా స్నాప్ సమయానికి స్మిత్ వెనక్కి తిరిగి బయటికి పోయాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు. మధ్యలో అంతమంది ఉండగా ఆ డిఫెండర్ ఒక్క అడుగు తప్పితే మళ్లీ అందుకోలేడు. దీనికి విరుగుడు ఉంది. ఇద్దరు డిఫెండర్లు మాట్లాడుకుని, లోపలికొచ్చినవాణ్ని నువ్వు పట్టు, బయటికి పోయేవాణ్ని నేను పడతానని మార్చుకోవాలి. అది స్నాప్‌కి ముందున్న ఒకటిన్నర సెకన్లలో జరగాలి. ఏడాదంతా వెంటపడడం అలవాటైన కుర్రాళ్లకి ఒక్క రాత్రిలో రాదు.

రెండో ఆయుధం హోవర్డ్ కాళ్లు. ఫైనల్లో 16 క్యారీలు, 57 యార్డులు. అంకె చిన్నదే, కానీ లెక్క చూడండి. మామూలు రన్‌లో క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చేసి పక్కకి తప్పుకుంటాడు, మనం 10 మంది, వాళ్లు 11 మంది. బంతి క్వార్టర్‌బ్యాకే పట్టుకుని పరిగెడితే రన్నింగ్ బ్యాక్ బ్లాకర్ అవుతాడు, 11కి 11. పైగా మ్యాన్ కవరేజ్‌లో వెంటపడేవాళ్ల వీపులు క్వార్టర్‌బ్యాక్ వైపే ఉంటాయి. అతను పరిగెడుతున్నాడని వాళ్లకి తెలిసేసరికి ఫస్ట్ డౌన్ వచ్చేసి ఉంటుంది. మూడో డౌన్లలో ఇదే నోటర్ డామ్‌ని చంపింది.

హోవర్డ్ మొదటి 13 పాస్‌లూ అందాయి. చివరికి 21లో 17, 231 యార్డులు. ఒక్కటి కూడా డిఫెండర్ల మధ్య ఇరుకు సందులోకి కొట్టాల్సిన పని పడకుండా ప్లాన్ వేశారు. నా దృష్టిలో కెల్లీ ఏడాది మొత్తం పనితనం ఆ మొదటి నాలుగు డ్రైవ్‌లలో ఉంది. నాలుగూ టచ్‌డౌన్లే.

లైన్‌_ముచ్చట్లు:

అందరు స్మిత్, హోవర్డ్ అంటున్నరు గని ముందల నిలబడి అడ్డుకునే అఫెన్సివ్ లైన్ సంగతి ఎవ్వరు మాట్లాడ్తలేరు. నేను చెప్త.

అక్టోబర్ 12న ఆరెగన్‌ల జాష్ సిమన్స్ మోకాలు పోయింది. ఎడమ టాకిల్ అంటే క్వార్టర్‌బ్యాక్ వెన్క వైపు కాపలా. నెబ్రాస్కా మీద వేరే పిలగాన్ని పెట్టి చూసిన్రు, గాడ కుదరలే, గతనికి గూడ దెబ్బ తగిలింది. పెన్ స్టేట్ ఆటకి ఎడమ గార్డ్ (సెంటర్‌కి టాకిల్‌కి నడుమ నిలబడేటోడు) డానవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపిన్రు. సరే, సర్దుకుంటున్నరు అనంగ, ఇండియానా ఆటకి ముందు ప్రాక్టీస్‌ల సెంటర్ సెత్ మెక్లాక్లిన్ మడమ దగ్గరి అకిలీస్ తెగింది. ఇగ 2023ల సెంటర్‌గ ఆడి గా జాగ పోగొట్టుకున్న కార్సన్ హిన్స్‌మన్‌ని మళ్ల అక్కడ నిలబెట్టిన్రు.

మిషిగన్ ఆట నాటికి గీ కొత్త లైన్ కలిసి ఎన్ని ఆటలు ఆడింది? ఒక్కటే, ఇండియానా మీద. ఎదురుంగ గ్రాహమ్, గ్రాంట్. డబుల్ టీమ్ అంటే ఇద్దరు కలిసి ఒక్కన్ని తొయ్యాలె, మధ్యల, లైన్ వెన్క నిలబడే లైన్‌బ్యాకర్ కదిలితే ఇద్దర్ల ఒకడు విడిపోయి గతన్ని పట్టాలె. ఎప్పుడు విడిపోవాలె, ఎవ్వడు విడిపోవాలె అన్నది నోటితోని చెప్తే వచ్చేది కాదు, భుజానికి భుజం ఆనించి నెలలకొద్ది చేస్తేనే వస్తది. సెంటర్ కొత్త, పక్క గార్డ్ కొత్త. ఒకడు తొందరగ విడిపోతే గ్రాహమ్ సందుల నుంచి వస్తడు. ఆలిశంగ విడిపోతే లైన్‌బ్యాకర్ వచ్చి రెండు యార్డులకే పడగొడ్తడు. ఆ దినం రెండూ అయినయి.

మిషిగన్‌కి టెనెసీకి నడుమ మూడు వారాలు దొరికినయి. నా లెక్కల అన్నిటికన్న పెద్ద మార్పు గిదే. దాంతోపాటు ప్లేలు గూడ లైన్‌కి సులువైనవి ఎంచుకున్నరు. బంతి జల్ది బయటికి పోతె జాక్సన్ మూడున్నర సెకన్లు ఎడ్జ్ రషర్‌ని (పక్క నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికొచ్చేటోన్ని) ఆపే పని లేదు, రెండున్నర ఆపితే చాలు. టెక్సస్ మీద మన రన్నింగ్ బ్యాక్ హెండర్సన్ 75 యార్డుల స్క్రీన్ యాది చేస్కోన్రి. రష్ చేసేటోళ్లని కావాల్నని లోపలికి రానిచ్చి, గాళ్ల నెత్తి మీదికెళ్లి బంతి ఇచ్చి, లైన్‌మెన్ ముంగట పరిగెత్తిన్రు. ఆ ఆటల స్మిత్‌ని ఇద్దరిద్దరు కాపలా కాసిన్రు, గతనికి ఒక్క క్యాచ్, 3 యార్డులు. అయిన గెలిచినం, గా స్క్రీనే హాఫ్‌కి ముందల 14-7 చేసింది.

జెట్‌ మోషన్ తమ్మీ చెప్పిన లెక్కలు కరెక్టే. కాని లైన్ నిలబడకుంటే మోషన్ ఏం జెయ్యదు.

సౌత్‌బెండ్‌_శ్రీను:

నేను నోటర్ డామ్ వైపు. ఓడిపోయిన వైపు నుంచి రెండు మాటలు చెప్తాను, కళ్యాణ్ గారి చివరి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

మా మొదటి డ్రైవ్ 18 ప్లేలు, 75 యార్డులు, 9 నిమిషాల 45 సెకన్లు. మీ అఫెన్స్‌ని పక్కన కూర్చోబెట్టడమే ఉద్దేశం, అంతవరకూ అద్భుతంగా పనిచేసింది. కానీ ఆ డ్రైవ్‌లో సగం సార్లు మా క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనార్డే బంతి పట్టుకుని పరిగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్ అన్ని దెబ్బలు తిన్నాక వెంటనే వచ్చే డ్రైవ్‌లలో పాస్ మీద నిలకడ ఉండదు. తర్వాత మీరు 31 పాయింట్లు వరసగా కొట్టారు, మాకు ఒక్కటి కూడా రాలేదు. మూడో క్వార్టర్లో మొదటి డ్రైవ్‌లోనే మీ రన్నింగ్ బ్యాక్ జడ్‌కిన్స్ 70 యార్డుల రన్‌తో 28-7 అయ్యింది. అప్పుడు మావాళ్లు సొంత వైపు నుంచి ఫేక్ పంట్ (బంతిని దూరంగా తన్ని అప్పగిస్తున్నట్టు నటించి ఆడే ప్లే) వేసి పోగొట్టుకున్నారు, దాని మీద మీరు ఫీల్డ్ గోల్ తీసుకున్నారు.

31-7 తర్వాత ఏమైందంటే మేము వెనక ఉన్నాం కాబట్టి పాస్ మాత్రమే మిగిలింది, మీరు టైమ్ కరిగించే ఆటలోకి వెళ్లారు. మా రిసీవర్ జేడెన్ గ్రేట్‌హౌస్ 34 యార్డుల టచ్‌డౌన్, అదనంగా రెండు పాయింట్లు, 31-15. మీ రిసీవర్ ఎగ్బూకా బంతి వదిలేస్తే మాకు దొరికింది. మేము మీ గోల్ లైన్‌కి 9 యార్డుల దాకా వెళ్లాం. నాలుగో డౌన్, 9 యార్డులు కావాలి, టైమ్ తొమ్మిదిన్నర నిమిషాల లోపు. మా హెడ్ కోచ్ మార్కస్ ఫ్రీమన్ ఫీల్డ్ గోల్‌కి వెళ్లాడు, 27 యార్డులది, బంతి పోస్ట్‌కి తగిలి వెనక్కొచ్చింది.

దీని మీద మా వాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటున్నారు, 16 వెనకున్నప్పుడు మూడు పాయింట్లు ఎందుకని. నా మటుకు ఫ్రీమన్ లెక్క తప్పు కాదు. 16 తేడాకి ఆరేసి పాయింట్ల రెండు టచ్‌డౌన్లతోపాటు రెండుసార్లూ రెండు పాయింట్ల ప్రయత్నం ఫలించాలి. ఒక్కో ప్రయత్నం ఫలించే అవకాశం సగానికి తక్కువే. రెండూ ఫలించినా సమానమే, గెలుపు కాదు. 13 తేడా అయితే రెండు టచ్‌డౌన్లు, ఒక్కో పాయింటు తెచ్చే రెండు మామూలు కిక్‌లతో ఒక్క పాయింటు తేడాతో గెలుస్తాం. అటు నాలుగో డౌన్లో 9 యార్డులు గోల్ లైన్ ముందు సాధించడం చాలా కష్టం, మైదానం లోతు లేదు కాబట్టి మీ సేఫ్టీలకి వెనక భయం లేదు. బాధంతా కిక్ తగలకపోవడం.

జెట్‌_మోషన్:

శ్రీను గారూ, 13కీ 16కీ మధ్య లెక్క ఒప్పుకుంటాను. ఒక్క అభ్యంతరం. అక్కడ విఫలమైనా మాకు బంతి మా 9 యార్డుల దగ్గర దొరికేది, మీ డిఫెన్స్ మళ్లీ మంచి చోట బంతి తెచ్చే అవకాశం ఉండేది. కిక్ మిస్సయితే మాకు 20 దగ్గర నుంచి. ఆ 11 యార్డుల విలువ కూడా కలపాలి. ఆ లెక్క కలిపాక నేనైతే ప్రయత్నించేవాణ్ని.

కొలంబస్_కళ్యాణ్:

శ్రీను గారూ, చాలా బాగా చెప్పారు, ధన్యవాదాలు. మరి ఆ తర్వాతి ప్లే గురించి. మీరు 4 నిమిషాల 15 సెకన్లు ఉండగా 31-23 చేశారు. మేము మూడో డౌన్, 11 యార్డులు కావాలి, బంతి మా 34 మీద, ఇంకా రెండు నిమిషాలకి పైగా టైమ్ ఉంది. అక్కడ స్మిత్‌కి 56 యార్డుల పాస్. రన్ చేసి పంట్ కొట్టాలని సగం ఊరు అరుస్తోంది. అది ధైర్యమా, తొందరపాటా?

సౌత్‌బెండ్‌_శ్రీను:

ధైర్యం, దాని వెనక లెక్క కూడా ఉంది. రన్ చేస్తే ఫస్ట్ డౌన్ దాదాపు అసాధ్యం, పంట్ మా చేతికి వస్తుంది, మాకు ఎనిమిది పాయింట్ల డ్రైవ్‌కి కావాల్సిన టైమ్ ఉంది. పాస్ అందకపోతే టైమ్ ఆగుతుంది, అదొక్కటే అదనపు నష్టం. అందితే ఆట అయిపోతుంది. మావాళ్లు ఒత్తిడి పెంచడానికి మనుషుల్ని ముందుకి పంపారు, స్మిత్ మీద మా కార్నర్ క్రిస్టియన్ గ్రే ఒంటరిగా మిగిలాడు. స్మిత్‌ని రోజ్ బౌల్లో 187 యార్డులు చేసినవాడని తెలిసి ఒంటరిగా వదలడం మా పక్షాన పెద్ద నిర్ణయమే. కానీ ఇద్దర్ని పెడితే ఎగ్బూకాకో హోవర్డ్ కాళ్లకో దారి ఇచ్చినట్టు. బంతి 10 దాకా వెళ్లింది, 26 సెకన్లు ఉండగా మీ కిక్కర్ ఫీల్డింగ్ 33 యార్డుల కిక్‌తో 34 చేశాడు.

ఇక్కడ ఇంకో మాట. మా కోచ్ ఫ్రీమన్ ఒహాయో స్టేట్‌లోనే లైన్‌బ్యాకర్‌గా ఆడినవాడు. మీ ఊళ్లో అతని మీద గౌరవం చూసి నాకు సంతోషమేసింది.

పోర్టల్‌_పద్దు:

రిక్రూటింగ్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. 20 మిలియన్లు పెడితే ఎవరైనా గెలుస్తారన్నది పచ్చి తప్పు. ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూస్తే తెలుస్తుంది. అన్నిటికంటే ముందు, వెళ్లిపోవాల్సినవాళ్లని ఆపడానికి వెళ్లింది. సాయర్, టూయిమొలావ్, ఎగ్బూకా, హెండర్సన్, డెంజెల్ బర్క్, డానవన్ జాక్సన్, వీళ్లంతా 2023 సీజన్ తర్వాత ప్రొఫెషనల్ లీగ్‌కి పోగలిగినవాళ్లే. వీళ్లు ఉండిపోవడం వల్లే 2024లో అనుభవం ఉంది. ఇది హైస్కూల్ రిక్రూటింగ్ మూడు నాలుగేళ్ల క్రితం చేసిన పని ఫలితం. పోర్టల్‌లో (వేరే కాలేజీలకి మారాలనుకునేవాళ్ల జాబితాలో) కొనుక్కునేది కాదు.

పోర్టల్ నుంచి తెచ్చుకున్నవి ఖాళీలకి సరిపోయేవి మాత్రమే. హోవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి, క్విన్షాన్ జడ్‌కిన్స్ ఓల్ మిస్ నుంచి. హెండర్సన్ ఉండగా జడ్‌కిన్స్ ఎందుకన్నారు చాలామంది. జడ్‌కిన్స్ 194 క్యారీలు, 1060 యార్డులు. హెండర్సన్ 144 క్యారీలు, 1016 యార్డులు. ఒక్కడే 338 సార్లు దెబ్బలు తింటే పదహారో ఆటకి కాళ్లుండవు. పన్నెండు టీమ్‌ల ప్లేఆఫ్ వచ్చాక ఇది తప్పనిసరి. టైటిల్ గెలిచే టీమ్ 16 ఆటలు ఆడాల్సి రావచ్చు. అలబామాలో కోచ్ నిక్ సేబన్ 2024 జనవరి 10న రిటైరవగానే అక్కడి ఆటగాళ్లకి వేరే కాలేజీకి మారేందుకు 30 రోజుల గడువు తెరుచుకుంది, సేఫ్టీ కేలబ్ డౌన్స్, క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ అలా వచ్చారు. ఫోన్ పట్టుకుని సిద్ధంగా కూర్చున్నవాడికే అలాంటివి దొరుకుతాయి.

లైన్ ముచ్చట్లు అన్న చెప్పిన బాధకి కారణం కూడా ఇక్కడే ఉంది. రిసీవర్లని హార్ట్‌లైన్ ఫ్లోరిడా నుంచి వాషింగ్టన్ దాకా ఏరుకొచ్చాడు. ఆ వరసలో విల్సన్, ఒలావే, స్మిత్-న్జిగ్బా, హారిసన్ జూనియర్, ఇప్పుడు స్మిత్. లైన్ విషయంలో ఆ లోతు లేదు. పద్దెనిమిదేళ్ల రిసీవర్ వచ్చిన ఏడాదే ఆడగలడు, స్మిత్ ఆడి చూపించాడు. లైన్‌మన్‌కి బరువు, బలం, అడుగుల సమన్వయం రావడానికి రెండు మూడేళ్లు కావాలి. అంటే ఈ ఏడాది ఇద్దరు టాకిల్స్‌ని వదులుకుంటే ఆ దెబ్బ మూడో ఏట తగులుతుంది, అప్పుడు పోర్టల్ తప్ప గతి ఉండదు. సిమన్స్ శాన్ డియాగో స్టేట్ నుంచి వచ్చినవాడే. ఈసారి కూడా రైస్ నుంచి ఈథన్ ఒనియాన్వా, మిన్నెసోటా నుంచి ఫిలిప్ డేనియల్స్‌ని తెచ్చారు. లైన్ కోచ్ జస్టిన్ ఫ్రై ప్రొఫెషనల్ టీమ్ కార్డినల్స్‌కి వెళ్లాడు, టైలర్ బోవెన్ వర్జీనియా టెక్ నుంచి వచ్చాడు. నన్నడిగితే పట్రీషియా రాక కంటే ఈ నియామకమే పెద్దది. ఏటా నలుగురైదుగురు లైన్‌మెన్, అందులో ఇద్దరు అసలైన టాకిల్స్. బోవెన్ ఇంతకంటే తక్కువతో సర్దుకుంటే మళ్లీ ఇదే కథ.

డే ఘనత ఏమిటంటే ప్లే కాలింగ్ (ఏ ప్లే ఆడాలో చెప్పే పని) తన చేతుల్లోంచి వదిలేయడం. మొదట బిల్ ఓబ్రయన్‌ని పెట్టుకుంటే కొన్ని వారాలకే బోస్టన్ కాలేజ్‌కి వెళ్లిపోయాడు, వెంటనే కెల్లీని తెచ్చాడు. యూసీఎల్ఏలో హెడ్ కోచ్‌గా ఉన్న మనిషిని కోఆర్డినేటర్‌గా రప్పించడం మామూలు విషయం కాదు.

లైన్‌_ముచ్చట్లు:

పోర్టల్ అన్నతోని వంద శాతం ఒప్పుకుంటున్న. ఒక్క మాట కలుపుత. సిమన్స్, జాక్సన్, ఫ్రయర్ ముగ్గురు పోతున్నరు. హిన్స్‌మన్ ఒక్కడే నిలకడ. స్ప్రింగ్ ప్రాక్టీస్‌ల సెంటర్‌కి రెండు వైపులా ఎవరెవ్వరు నిలబడ్తరో రోజూ రాసి పెట్టుకోన్రి. ఏప్రిల్ నడుమకి గా ముగ్గురు మారకుండ ఉంటే మంచిది. ఆగస్టు దాక మార్చుకుంట పోతె సెప్టెంబర్ల మళ్ల మధ్యల ఇరుక్కుంటం.

జెట్‌_మోషన్:

కళ్యాణ్ అన్నా, నీ రెండో ప్రశ్నకి జవాబు ఇస్తాను. మోషన్‌తో మ్యాన్ కవరేజ్‌ని విప్పడం హార్ట్‌లైన్ కొనసాగించగలడు, రిసీవర్ల పని కాబట్టి అది అతని ఇల్లే. 2023లోనే అతనికి కోఆర్డినేటర్ పేరు ఉంది, అప్పుడు ప్లేలు మాత్రం డే పిలిచేవాడు. పోయేది ఇంకొకటి. హోవర్డ్ 6 అడుగుల 4 అంగుళాల మనిషి, లోడ్ మోసే ఒళ్లు. సేయిన్ అంతకంటే పొట్టి, సన్నం. అతనిచేత ఫైనల్లో లాగా 16 సార్లు పరిగెత్తిస్తే నవంబర్ దాకా నిలవడు. అంటే మూడో డౌన్, 3 యార్డులు కావాల్సిన చోట కెల్లీ వాడుకున్న 11కి 11 లెక్క ఇక దొరకదు. ఆ మూడు యార్డులు ఇప్పుడు టైట్ ఎండ్‌ల (లైన్ పక్కన నిలబడి అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్ల) నుంచో, అండర్ సెంటర్ రన్ (క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే నిలబడి బంతి తీసుకునే రన్) నుంచో, స్మిత్‌కి విసిరే స్లాంట్ (లోపలికి ఏటవాలుగా పరిగెత్తే రిసీవర్‌కి చిన్న పాస్) నుంచో రావాలి. స్లాంట్ అన్నిటికంటే తేలిక, కాబట్టి డిఫెన్స్‌లు మొదట ఆపేది దాన్నే. 2025 ఆగస్టు 30న టెక్సస్ మన స్టేడియానికి వస్తోంది. మొదటి మూడో డౌన్, 3 యార్డులకి హార్ట్‌లైన్ ఏం పిలుస్తాడో నేను అదొక్కటే చూస్తాను.